కుప్ప అందరిది, పార ఎవరిది?

పోయిన వానాకాలంలో మా అపార్టుమెంటులో ఒక తొట్టి గురించి చిన్నసైజు యుద్ధం జరిగింది. యుద్ధాలకు కారణాలు ఎప్పుడూ చిన్నవే కదా! మా కారణం మరీ చిన్నది, పైగా కాస్త కంపు కొట్టేది కూడాను. ఇరవై ఇళ్ల కూరగాయ తొక్కలు!

నస్పూర్‌లో మేముండే బిల్డింగులో సగంమంది సింగరేణిలో రిటైరై, క్వార్టరు ఖాళీ చేసి, ఉన్న డబ్బుతో ఫ్లాటు కొనుక్కున్నవాళ్లు. మిగతా సగం కలెక్టరాఫీసు ఉద్యోగులూ, బ్యాంకులవాళ్లూ, టీచర్లూ. ఒక ఆదివారం సాయంత్రం మేడమీద మిర్చిబజ్జీలు తింటూ, వంటింటి చెత్తను బయట పారెయ్యకుండా మనమే ఎరువు చేసుకుందామని తీర్మానించాం. ఒక్కరంటే ఒక్కరు కాదనలేదు. అందరూ వెంటనే ఒప్పుకున్న పనిని అనుమానించాలని అప్పుడే తోచవలసింది, తోచలేదు. వెనకవైపు పంపు గది పక్కన, గాలి ఆడేలా సందులు వదిలి ఇటుకలతో తొట్టి కట్టించాం. కొబ్బరికాయ కూడా కొట్టాం.

మూడు వారాలయ్యేసరికి ఆ తొట్టి పక్కనుంచి నడవాలంటే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకోవలసి వచ్చింది. ఈగలు సరేసరి. పాలప్యాకెట్లు, షాంపూ పొట్లాలు, ఎవరింట్లోనో పుట్టినరోజు విందులో మిగిలిన బిర్యానీ, అన్నీ అందులోనే ఉన్నాయి. మళ్లీ మీటింగు. ఈసారి బజ్జీలు లేవు. "పొద్దున్నే బండి వచ్చి పట్టుకుపోతోంది కదా, మనకెందుకీ పీడ?" అన్నారొకరు. "కింద ఫ్లాటులో ఉండి చూడండి, తెలుస్తుంది" అన్నారింకొకరు. మొదటి అంతస్తు పెద్దమ్మ మాత్రం నవ్వి, "మా క్వార్టర్లల్ల ఒక్క కుడితి గోలెం ముప్పై ఇండ్లకు సరిపోయేది బిడ్డా! ఏనాడన్న కంపు వచ్చిందా?" అంది.

అంతవరకూ మెట్ల దగ్గర నిలబడి వింటున్న వాచ్‌మన్ భార్య అప్పుడు నెమ్మదిగా అంది. "కుప్ప అందరిదేనమ్మా. పారనే నాదొక్కదానిది."

మీటింగు అక్కడితో ముగిసింది. నిజం చెప్పొద్దూ, తొట్టి కట్టించిన మూడు వారాల్లో ఆ చెత్తను ఎవరు తిరగేస్తున్నారని నేను ఒక్కసారైనా అడగలేదు. రోజూ ఒక డబ్బా నిండా తొక్కలు పోసి, భూమాతకు సేవ చేశానన్న తృప్తితో మెట్లెక్కి వచ్చేశాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కథలు రాసేవాళ్లకు నిద్రపట్టకపోతే పాత పుస్తకాలు తియ్యడం అలవాటు. ఎరువు చరిత్ర ఎక్కడెక్కడుందో వెతుక్కుంటూ చదివాను. చదువుతున్నంతసేపూ నా మనసులో ఒకటే ప్రశ్న. కుప్ప సంగతి సరే, పార ఎవరి చేతిలో ఉంది?

మన భాషలో "ఎరువు" అన్న మాటకు రెండర్థాలున్నాయి. పొలానికి వేసేది ఎరువు. ఇరుగుపొరుగు దగ్గర తెచ్చుకుని తిరిగి ఇవ్వవలసింది కూడా ఎరువే. "ఎరువు సొమ్ము బరువు చేటు" అని పెద్దవాళ్లు అనేది ఈ రెండో ఎరువు గురించే. ఈ రెండు మాటలూ ఒకే వేరునుంచి వచ్చాయో లేదో పండితులు తేల్చాలి. నాబోటి ఇల్లాలికి మాత్రం రెండూ ఒకటేనని తోస్తుంది. గింజ రూపంలో నేల దగ్గర ఎరువు తెచ్చుకుంటాం, పెంట రూపంలో తిరిగి ఇచ్చుకుంటాం. పక్కింట్లో గ్లాసుడు చక్కెర తెచ్చుకుని, మళ్లీ గ్లాసుడు చక్కెరే ఇచ్చినట్టు.

ఈ బాకీ తీర్చడం మనవాళ్లకు కొత్త కాదు. "కృషి పరాశరం" అని వ్యవసాయం మీద పాత సంస్కృత గ్రంథమొకటుంది. పేడకుప్పను మాఘమాసంలో మంచిరోజు చూసి, పూజచేసి, పారతో తవ్వి తియ్యాలనీ, ఎండబెట్టి పొడి చేసి ఫాల్గుణంలో పొలంలో గుంటలు తీసి వెయ్యాలనీ అందులో చెప్పారు. చూశారా, కుప్పకు పూజ ఉంది, ముహూర్తం ఉంది. పార పట్టుకున్న మనిషి గురించి మాత్రం ఏమీ లేదు.

మా బాపమ్మ ఊళ్లో ఇంటి వెనక పెంటబొంద ఉండేది. పొద్దున లేవగానే కొట్టం ఊడ్చి పేడ తియ్యడం, వాకిట్లో సాన్పు చల్లడం, పొయ్యిలో బూడిద ఎత్తడం, తొక్కలూ ఆకులూ తీసుకుపోయి బొందలో వెయ్యడం, అన్నీ ఆడవాళ్ల పనులే. ఎండాకాలంలో పెంట తోలే రోజు వస్తే మాత్రం అది మగవాళ్ల పని అయ్యేది. బండి కట్టుకుని, ఎడ్ల మెడలో గంటలు మోగించుకుంటూ పోయేవారు. ఊరందరికీ కనిపించేది ఆ బండి. ఏడాది పొడుగునా గంపలతో ఆ బొంద నింపిన చేతులు ఎవరికీ కనిపించేవి కావు. మా ఇంట్లో ఆ గంప బాపమ్మ ఎత్తితే, కాస్త కలిగిన ఇళ్లలో జీతం ఆమె ఎత్తేది. గంప మాత్రం ఎప్పుడూ ఆడమనిషి నెత్తిమీదే.

ఊళ్లోనుంచి మనవాళ్లు బొగ్గుబాయికి ఎలా వచ్చారో మీలో చాలామందికి ఇంటి కథే. 1871లో ఇల్లెందు దగ్గర డాక్టర్ విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త బొగ్గును కనిపెట్టాడు. ఇప్పటికీ అక్కడి ప్రధాన పొరను "కింగ్ సీమ్" అనే పిలుస్తారు. 1886లో ఇంగ్లాండులో పెట్టిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ చేతిలోకి గనుల హక్కులు వెళ్లాయి. 1889లో తవ్వకం మొదలైంది. 1920లో సింగరేణి కాలరీస్ పేరుతో కంపెనీ ఏర్పడింది, 1945లో నిజాం ప్రభుత్వపు సొంతమైంది. గోదావరి దాటి బెల్లంపల్లిలో తవ్వకాలు 1920ల చివరనే మొదలైనా, మా మందమర్రి, గోదావరిఖని వైపులు పుంజుకున్నది 1960ల తర్వాతే. ఆ తర్వాత శ్రీరాంపూర్, నస్పూర్‌ల చుట్టూ ఆర్కే గనులు వరసగా వచ్చాయి. గని వెంట కాలనీ, కాలనీ వెంట మార్కెట్టు, మార్కెట్టు వెంట సినిమాహాలు.

క్వార్టరుకు వచ్చిన ఇల్లాలికి పెంటబొంద లేదు. పొలమూ లేదు. నెల జీతం ఉంది, సైరన్ ఉంది, మూడు షిఫ్టులున్నాయి. కానీ తొక్కలూ, కడుగునీళ్లూ, గంజీ ఎక్కడికి పోవాలి? ఇక్కడే మా పెద్దమ్మ చెప్పిన కుడితి గోలెం వస్తుంది.

ఆమె చెప్పిన ప్రకారం, వాళ్ల వరసలో ఒకరికి రెండు బర్రెలుండేవి. క్వార్టరు వెనక రేకులతో కొట్టం. దాని ముందు పెద్ద సిమెంటు గోలెం. పొద్దున్నే బియ్యం కడిగిన నీళ్లు, మధ్యాహ్నం గంజి, సాయంత్రం ఆకుకూర కాడలు, సొరకాయ చెక్కు, అరటితొక్కలు, ఎవరి బకెట్టు వాళ్లు తెచ్చి అందులో పోసేవారు. బర్రె తాగేది, పాలిచ్చేది. కుడితి పోసిన ఇళ్లకు పాలు ఒక గరిటె కొసరు. పేడ పిడకలయ్యేది, మిగిలింది ఊరి రైతు బండికెత్తుకుపోయేవాడు. పేచీలు లేవా అంటే ఉన్నాయట. ఒకసారి ఎవరో గుండుసూది పడిన నీళ్లు పోశారని బర్రె యజమానురాలు నెలరోజులు మాట్లాడలేదట. "గందుకే జూసి పోసేటోళ్లం బిడ్డా. బర్రె నోరు గదా! మీ తొట్టికి నోరున్నదా, నొప్పున్నదా?" అంది పెద్దమ్మ.

నాకు ఆ మాట చాలా నచ్చింది. తడిచెత్త, పొడిచెత్త వేరు చెయ్యమని ప్రభుత్వాలు రూల్సు రాసి, పాటలు పెట్టి, ఆకుపచ్చ డబ్బా నీలం డబ్బా పంచి చెప్పలేక అలిసిపోతున్న సంగతిని ఆ బర్రె ఒక్కటే ముప్పై ఇళ్లకూ నేర్పింది. తిని ఛస్తుందేమోనన్న భయం చేతిని ఆపేది. పాల కొసరు చేతిని కదిలించేది.

అయితే ఒక్కటి మాత్రం గోలెంలోకీ పోలేదు, ఎరువులోకీ పోలేదు. అది పొయ్యి బూడిద. ఊళ్లో కట్టెలపొయ్యి బూడిద బంగారం. గిన్నెలు తోమడానికి అదే, చిక్కుడు పాదుకు పేనుబంక పడితే చల్లడానికి అదే, పెంటబొందకూ అదే. అందులో పొటాషియం ఉంటుంది. కుండలో బూడిద నీళ్లు మరిగించి తీసే సరుకు కాబట్టే ఇంగ్లీషువాళ్లు దానికి "పొటాష్" అని, అంటే కుండ బూడిద అని పేరు పెట్టారు. క్వార్టర్లలో మనవాళ్లు వండింది బొగ్గు పొయ్యి మీద. సాయంత్రమైతే ఇంటింటి ముందూ పొయ్యి రాజేసి, కాలనీ అంతా పొగతో నింపేవాళ్లు. బొగ్గు బూడిద చెట్టుకు తిండి కాదు. పైగా మట్టికి పనికిరాని లోహాలు అందులో ఉంటాయి. ఊరినుంచి వచ్చిన కొత్తకోడళ్లు అలవాటు చొప్పున ఆ బూడిదను మల్లెపాదుకు వేసి, పాదు ఎందుకు గిడసబారిందా అని దిగులుపడేవారట. పొగ బాధ తప్పించడానికి, పొగరాని వంటబొగ్గు చెయ్యాలని నస్పూర్‌లో కోల్ కెమికల్ కాంప్లెక్స్ అనే ఫ్యాక్టరీయే పెట్టారు. ఆ ఫ్యాక్టరీ ఇప్పుడు లేదు గానీ, ఆ మూడు ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలు "సీసీసీ" అయి, ఇక్కడ ఊరి పేరై కూచున్నాయి. ఆటోవాళ్లు అరిచేది ఆ పేరే.

బొగ్గు మాట వచ్చింది కాబట్టి ఇంకొక్క ముచ్చట. మన కాళ్లకింది బొగ్గు కూడా ఒకప్పటి ఆకులూ కొమ్మలే. ఇరవై అయిదు కోట్ల ఏళ్లకు పైమాట, గోదావరి లోయలోని బురద అడవులు నీళ్లకింద పడిపోయాయి. గాలి తగలలేదు. గాలి తగిలితే సూక్ష్మజీవులు ఆకును మూడునెలల్లో మట్టి చేసేస్తాయి. గాలి లేక, మీద ఇసుకా మన్నూ పేరుకుపోయి, ఆ ఆకు కుళ్లడం పూర్తికాకుండానే నల్లగా గట్టిపడింది. అంటే బొగ్గు, ఎరువు కావలసి ఆగిపోయిన చెత్త అన్నమాట! మనూళ్ల మగవాళ్లు లోపలికి దిగి ఆ ఆగిపోయిన చెత్తను తవ్వి తెచ్చారు. తవ్విన చోటు ఖాళీగా వదిలితే పైకప్పు కూలుతుందని చాలా గనుల్లో గోదావరి ఇసుకను నీళ్లతో పంపి నింపేవారు. భూమిలోపల కూడా తీసిన చోట ఏదో ఒకటి తిరిగి పెట్టక తప్పదు.

ఇక పుస్తకాల్లోకెక్కిన చరిత్ర చూద్దాం. వంటింటి చెత్తతో, పేడతో ఎరువు చెయ్యడానికి "ఇండోర్ పద్ధతి" అని ప్రపంచమంతా చెప్పుకునే పద్ధతి ఒకటుంది. ఆల్బర్ట్ హొవార్డ్ అనే ఇంగ్లీషు వ్యవసాయ శాస్త్రవేత్త 1905లో మన దేశానికొచ్చాడు. నేర్పడానికొచ్చినవాడు ఇక్కడి రైతుల దగ్గర నేర్చుకున్నానని చెప్పుకున్నాడు. అదీ ఆయన గొప్పతనం. 1924లో ఇండోర్‌లో పరిశోధన కేంద్రం పెట్టి, చెత్త ఒక పొర, పేడ ఒక పొర, పశువుల మూత్రం పీల్చిన మట్టి, కట్టెల బూడిద ఇంత అని కొలత చెప్పి, మధ్యమధ్య తిరగేస్తూ మూడునెలల్లో ఎరువు తీసి చూపించాడు. బాపమ్మ బొందలో ఏడాది పట్టేది అక్కడ మూడునెలలయింది. కారణం తిరగెయ్యడమే. తిరగేస్తే గాలి ఆడుతుంది, గాలి ఆడితే కుప్ప లోపల వేడి పుట్టి అరవై డిగ్రీలదాకా పోతుంది, ఆ వేడికి పురుగూ కలుపుగింజా చస్తాయి, కంపు ఉండదు.

1931లో వచ్చిన పుస్తకం మీద ఆయన పేరుతోపాటు యశ్వంత్ వాడ్ అనే మనవాడి పేరు కూడా ఉంది. ఆయన భార్య గేబ్రియెల్ సంగతి మాత్రం నాకు ఈ మధ్యనే తెలిసింది. కేంబ్రిడ్జిలో చదివిన వృక్షశాస్త్రవేత్త ఆమె. ఇక్కడికొచ్చాక పాతికేళ్లు భర్తతో సమానంగా పరిశోధన చేసి, ఎన్నో వ్యాసాలు కలిసి రాసింది. 1930లో, ఆ పుస్తకం రావడానికి ముందే చనిపోయింది. ఈనాడు ఎరువు గురించి మాట్లాడేవాళ్లు హొవార్డ్ దొర అంటారు. దొరసాని అనగా నేను వినలేదు.

పల్లెకు ఇండోర్ పద్ధతి సరే, పేడ దొరకని పట్నం మాటేమిటి? 1939లో బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో సి.ఎన్. ఆచార్య దానికొక ఉపాయం చెప్పాడు. ఊరి చెత్తనూ, మరుగుదొడ్ల మలాన్నీ కందకాల్లో పొరలుగా వేసి, మీద మట్టితో మెత్తి కొన్ని నెలలు కదపకుండా ఉంచితే ఎరువవుతుంది. దీన్ని "బెంగుళూరు పద్ధతి" అన్నారు. తర్వాత పట్టణాల కంపోస్టు పథకాలెన్నో దీన్ని అనుసరించాయి. కందకం లోతెంతో, పొర మందమెంతో రాసి ఉంటుంది. ఆ మలాన్ని ఇంటింటి వెనకనుంచి బకెట్లలో ఎత్తి, నెత్తినపెట్టుకుని కందకం దాకా మోసుకొచ్చిందెవరో రాసి ఉండదు. రాయకపోయినా మనందరికీ తెలుసు. ఏ కులాలవాళ్లు మోశారో, అందులో ఎంతమంది ఆడవాళ్లో కూడా తెలుసు. చేతితో మలమెత్తే పనిని చట్టం నిషేధించింది 1993లో. అదీ చాలక 2013లో మరో చట్టం చెయ్యవలసి వచ్చింది. పంట పెరిగిందని లెక్కలు వేసుకున్నప్పుడు ఆ మోసినవాళ్ల లెక్క ఎందులోనూ వెయ్యలేదు.

1947 డిసెంబరులో ఢిల్లీలో ఒక విచిత్రమైన సభ జరిగింది. దేశం రెండుగా చీలి, ఊళ్లు తగలబడి, శరణార్థులు గుడారాల్లో ఉన్న రోజులు. అలాంటి రోజుల్లో అఖిలభారత కంపోస్టు మహాసభ! ఆ ఆలోచన మీరాబెన్‌ది. ఇంగ్లీషు నౌకాదళాధికారి కూతురై పుట్టి, గాంధీగారి ఆశ్రమానికి వచ్చి, చరఖా చీపురూ పట్టుకున్న మనిషి. బాబూ రాజేంద్రప్రసాద్ అధ్యక్షత వహించారు. గాంధీగారు ఆ సభ గురించి "హరిజన్"లో రాశారు. తిండిగింజలకు కరువైన దేశం ఎరువును వీధిలో పారబోసుకుంటోందన్నది వారి బాధ. ఆ తర్వాత నెలకే గాంధీగారు పోయారు. గాంధీగారి ఆశ్రమాల్లో ఒక నియమం ఉండేది. పాయిఖానా శుభ్రం చెయ్యడం అందరికీ వంతులవారీ పని. పెద్దా చిన్నా, కులమూ గిలమూ లేదు. కస్తూర్బాకు మొదట్లో ఆ పని మింగుడుపడలేదనీ, దానిమీద ఇద్దరికీ పెద్ద గొడవే అయిందనీ గాంధీగారే ఆత్మకథలో ఒప్పుకున్నారు. నేను వెతుకుతున్న ప్రశ్నకు జవాబు అక్కడుంది. పార వంతులవారీ తిరగాలి. చెప్పినంత తేలిక కాదు, మహాత్ముడి ఇంట్లోనే గొడవయింది మరి.

స్వాతంత్ర్యం తర్వాత ఏమైందంటే, యూరియా వచ్చింది, ప్లాస్టిక్ వచ్చింది. మా కాలనీల్లో గ్యాసు వచ్చింది, బొగ్గు పొగ పోయింది. అది మంచిదే, ఎంతమంది ఆడవాళ్ల ఊపిరితిత్తులు బతికాయో! పాలు ప్యాకెట్లలో వచ్చాయి, దాంతో బర్రె పోయింది. బర్రె పోయాక కుడితి గోలెం పోయింది. అప్పుడు, చరిత్రలో మొదటిసారి, మన వంటింట్లో "చెత్త" పుట్టింది. అంతకుముందు కుడితి ఉండేది, పెంట ఉండేది, బూడిద ఉండేది. ఒక్కొక్కదానికీ పోయే చోటుండేది. మూడూ కలిసి నల్లకవరులో పడేసరికి ఏదీ ఎందుకూ కొరగాకుండా పోయింది.

ఆ కవర్లన్నీ ఊరిబయట గుట్టలైనప్పుడు మళ్లీ ఒక ఆడమనిషే కోర్టుకెక్కింది. అల్మిత్రా పటేల్ అనే ఇంజనీరు. బెంగుళూరు శివార్లలో ఉంటూ, నగరపు చెత్త లారీలు పల్లెల్లో కుమ్మరించి పోవడం చూసి, 1996లో సుప్రీంకోర్టులో వ్యాజ్యం వేసింది. దాని ఫలితంగానే 2000 సంవత్సరంలో దేశమంతటికీ పురపాలక చెత్త నియమాలొచ్చాయి. తడీ పొడీ ఇంట్లోనే వేరు చెయ్యాలన్న 2016 నియమాలు వాటి తర్వాతి మెట్టు. మన సూర్యాపేట అంతకుముందే, 2003 ప్రాంతంలో, కమిషనర్ ఖాదర్ సాహెబ్ హయాంలో వీధి చెత్తకుండీలు తీసేసి, ఇంటింటికీ బండి పంపి, తడిచెత్తను వానపాములతో ఎరువు చేసి అమ్మి చూపించింది. ఎక్కడెక్కడివాళ్లో వచ్చి చూసిపోయారు. 2019లో పల్లెప్రగతి మొదలయ్యాక ఊరూరికీ ట్రాక్టరూ, డంపింగు యార్డూ, అందులో ఎరువు షెడ్డూ వచ్చాయి. మా నస్పూర్ 2018లో మున్సిపాలిటీ అయింది, 2025లో మంచిర్యాల కార్పొరేషన్‌లో కలిసింది. ఊరి పేర్లు ఎన్ని మారినా పొద్దున ఆరింటికి వచ్చే బండి వెనక నిలబడి, మనం వేరు చెయ్యని చెత్తను చేత్తో వేరుచేసే మనిషి మాత్రం మారలేదు. ఒకరోజు గాజుపెంకు గుచ్చుకుని రక్తం కారుతుంటే పాతచీర పేలిక కట్టుకుని మళ్లీ పని చేసుకుంటోంది ఒకామె. ఆ గాజుపెంకు ఏ ఇంటిదో? మా ఇంటిది కాదని గుండెమీద చెయ్యేసుకుని చెప్పలేను.

ఇదంతా చదివాక మూడో మీటింగు పెట్టమని నేనే అడిగాను. చరిత్ర ఉపన్యాసం మొదలెడితే లేచిపోతారని, ఒక్క ముక్క చెప్పాను. "తొట్టి ఉంచుదామా, తీసేద్దామా అన్నది తర్వాత. ఉంచితే పార వంతులవారీ పట్టాలి. పట్టలేమంటే పట్టినామెకు ఆ పనికి వేరే జీతమివ్వాలి. రెండూ కాదంటే ఇటుకలు పీకేద్దాం."

చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత అందరూ ఒకేసారి మాట్లాడారు. "మా ఇంట్లో అలవాటు లేదండీ" అన్న మాట ఒకటి వినబడింది. అలవాటంటే ఏమిటో, అది ఎవరికి ఉంటుందనుకుంటున్నారో అడగలేదు గానీ, ఆ మాటన్న ఆవిడకే తర్వాత ముఖం ఎర్రబడింది. చివరికి తేలిందేమంటే, వారానికి మూడుసార్లు తిరగెయ్యడం, రెండు వంతులు ఇళ్లవాళ్లవి, ఒక వంతు వాచ్‌మన్ భార్యది. ఆ వంతుకు మెయింటెనెన్సు డబ్బులోంచి నెలనెలా వేరే జీతం. చేతికి తొడుగులు, మంచి పార, ఒక గడ్డపలుగు. ఇరవైలో అయిదిళ్లు మేం చెయ్యమన్నాయి. చెయ్యనివాళ్ల చెత్త బండికే. బలవంతం లేదు.

పని పద్ధతి పెద్దమ్మ నేర్పింది. ఒక డబ్బా తడికి రెండు డబ్బాల పొడి. రాలిన వేపాకులు, వడ్రంగి దుకాణంలో ఉచితంగా దొరికే రంపపు పొట్టు, చింపిన అట్టపెట్టెలు. వండిన కూరా, ఎముకా వద్దు. మొదట్లో పులిసిన మజ్జిగ, కాస్త పేడనీళ్లు చల్లాలి. పిడికెడు తీసి పిండితే చెయ్యి తడవాలి, చుక్క కారకూడదు. వారం తిరక్కుండా కంపు పోయింది. పొద్దున్నే తిరగేస్తుంటే లోపలినుంచి ఆవిరి లేచింది. మావారు తన వంతు రోజున నడుం పట్టుకుని, "నీ చరిత్ర పాడుగాను" అన్నారు. అయినా ఆవిరి చూడ్డానికి రెండోసారి కూడా వెళ్లారు.

మూడునెలల తర్వాత మొదటి ఎరువు జల్లెడపట్టాం. నల్లగా, పొడిపొడిగా, తొలకరి వాన పడ్డప్పటి వాసన. ఇళ్లవారీగా వాటాలు పోస్తుంటే వాచ్‌మన్ భార్య దగ్గరికొచ్చి నిలబడింది. "నా వంతు గూడ తూకమేసి ఇయ్యండమ్మా" అంది. జీతం ఇస్తున్నాం కదా అని ఎవరో గొణిగారు. ఆమె తడుముకోకుండా, "జీతం పారకమ్మా. మా ఇంటి తొక్కలు సుత పడ్డయి గదా కుప్పల!" అంది.

మేమెవరం ఆ లెక్క వెయ్యలేదు. ఇరవై ఇళ్లు అనుకుంటూ వచ్చాం ఇన్నాళ్లూ. పంపు గది పక్కన ఒంటిగదిలో కాపురమున్న ఇరవై ఒకటో ఇల్లు ఎవరి లెక్కలోకీ రాలేదు. పెద్దమ్మే లేచి తక్కెడ పట్టుకుని, ఆమె వాటా తూచి గంపలో పోసింది.

ఆ ఎరువుతో ఆమె గోడవారన చిక్కుడుపాదు పెట్టింది. నేను కుండీల్లో గులాబీలు పెట్టాను. ఆమె చిక్కుడు కాస్తోంది. నా గులాబీకి మొగ్గే రాలేదింకా. అదేమని అడిగితే, "మీది మీరు తిరగేసిన ఎరువు గదమ్మా" అని నవ్వుతుంది.

రేపు బుధవారం, మళ్లీ నా వంతు. ఈసారి అడుగుదాకా తిరగెయ్యాలి.